నాడె మీద ఒట్టు

"నువ్వే చంపినవ్ తాతా! నువ్వే మందు పెట్టినవ్!" అని నా బిడ్డ వాడ వాడంతా వినేలా అరిచింది. పోయినవారం అక్కడ ఆగాం. మీకు వారం గడిచింది. నాకు ఆ కేక ఇంకా చెవుల్లోనే ఉంది. ఆటో ఇంకా కదల్లేదు. నా ఒళ్ళో కండె నీలం రంగు నురగ కక్కుతూనే ఉంది.

కండె మా కుక్కపిల్ల. మా ఆయన చంద్రమౌళి కేసముద్రం మార్కెట్ యార్డుకు పోయినప్పుడు పత్తి బస్తాల సందున వణుకుతున్నదాన్ని చూసి సంచిలో వేసుకొచ్చాడు. తెచ్చేసి తన డ్యూటీకి తను పోయాడు, మగవాళ్ళకు అదొక సుఖం. మగ్గం మీద అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెట్టే నూలు కండెలాగా గుండ్రంగా ఉందని మా మహిత దానికి ఆ పేరు పెట్టింది. మహితది ఐదో తరగతి. నోరు మాత్రం పదో తరగతి.

మా మామ వెంకట్రాజానికి కుక్కపిల్ల మొదటిరోజే పడలేదు. ఆయన కొత్తవాడలో పుట్టి, జంపఖానాలు నేస్తూనే ముసలివాడైన మనిషి. మగ్గం మీది పడుగు దారాలను కండె కొరికి తెంపిన రోజున ఇంట్లో పెద్ద పంచాయతీయే అయింది. ఆయన నాడె తీసి మనవరాలి చేతిలో పెట్టాడు. మా ఇళ్ళల్లో నాడె పట్టి చెప్పిన మాటంటే మామూలు మాట కాదు, దాని మీదే కదా అన్నం తింటున్నాం. "నీళ్ళు, తిండి, కడుగుడు, కట్టుడు అన్ని నేనే చేస్త" అని మహిత ఒట్టేసింది. "నేను దాని జోలికి పోను. మంచికి గాని చెడ్డకు గాని చెయ్యి పెట్ట" అని ఆయన కూడా ఒట్టేశాడు. నేను పక్కన నిలబడి మురిసిపోయాను, పిల్లకు బాధ్యత తెలుస్తుందిలే అని. ఆ మురిపెం తలుచుకుంటే ఇప్పుడు నన్ను నేనే రెండు తగిలించుకోవాలనిపిస్తుంది.

ఆటో కదిలాక వెనక్కి చూశాను. మా మామ గడపలో నిలబడి ఉన్నాడు. తప్పు చేయనివాడైతే అరవాలి, తిట్టాలి, మనవరాలి చెంప మీద ఒక్కటి వేయాలి. అదేం లేదు. భుజం మీది తువ్వాల సర్దుకొని లోపలికి పోయాడు. చుట్టూ జనం ఫోన్లు ఎత్తి పట్టుకొని నిలబడ్డారు, ఏదో జాతర చూస్తున్నట్టు. మహిత ఇంకా ఆ గడప వైపే వేలు చూపిస్తోంది. బడిలో బతుకమ్మ ఆడి పట్టులంగా మార్చుకోకుండానే వచ్చింది, ఆ వేలికి పూలకద్దిన రాణీ రంగు ఇంకా అంటుకునే ఉంది.

సుబేదారిలో పశువుల డాక్టర్ శ్రీలత మమ్మల్ని చూసి లేచి వచ్చింది. కండెను బల్ల మీద పడుకోబెట్టి చిగుళ్ళు చూసింది, కడుపు నొక్కింది.

"ఏం తిన్నదమ్మా ఇది?"

"మా తాత మందు పెట్టిండు మేడం," అంది మహిత, ఎవరూ అడగకుండానే.

"ఏం మందు?"

దానికి తెలియదు. నాకు తెలుసు. ముసురు పట్టిందంటే పడుగుకు పెట్టే గంజిలో మా మామ మైలతుత్తం, ఆ నీలం రంగు విషం, కలుపుతాడు, లేకపోతే నూలుకు బూజు పడుతుంది. ఆ గంజి తొట్టి ఇంటి వెనక రేకుల షెడ్డులో ఉంటుంది. నేత ఇంట్లో పుట్టి నేత ఇంటికే కోడలిగా వచ్చినదాన్ని, ఆ నీలం రంగు చూడగానే తెలిసిపోయింది. తెలిశాక ఒళ్ళు భగ్గున మండింది.

"గంజి మేడం. మైలతుత్తం కలిపిన గంజి," అన్నాను.

ఆవిడ సూది వేసింది, చర్మం కింద సెలైన్ ఎక్కించింది. చేతులు కడుక్కుంటూ మహిత వైపు తిరిగింది.

"దీన్ని ఇంట్ల ఎవరు చూస్కుంటరు?"

"నేనే," అంది మహిత, మెడ నిక్కించి.

"నీళ్ళు మంచిగ పెడుతున్నవా?"

"పెడ్తాన్న."

ఆ ఒక్క మాట నేలను చూస్తూ అంది. నేను చూశాను. కానీ కోపం నెత్తికెక్కినప్పుడు కంటి ముందున్నది కూడా మనిషికి ఆనదు. నా మనసంతా కొత్తవాడలో, మా మామ గొంతు మీద ఉంది.

"ఇక్కడ ఉంచనీకి లేదమ్మా," అంది డాక్టరమ్మ. "ఇంటికి తీస్కపోయి గ్లూకోజ్ నీళ్ళు కొంచెం కొంచెం పట్టండి, బొట్టు బొట్టు. మింగుతాంటె బతుకుద్ది. మింగకపోతే వెంటనే తీస్కరండి. రోజూ తాగే గిన్నెలనే కలపండి, వాసన గుర్తుపట్టి నాలుక చాస్తది."

దారి పొడుగునా నేను మాటలు కూర్చుకుంటూనే ఉన్నాను. పెళ్ళయిన నాటి నుంచి ఆ మనిషికి ఒక్కరోజు ఎదురు చెప్పలేదు. కూరలో ఉప్పు ఎక్కువైందని కంచం నెట్టేసినా నోరెత్తలేదు. ఆ అప్పులన్నీ కలిపి ఇవాళ తీర్చేద్దామనుకున్నాను.

ఇంటి ముందు ఆటో దిగానో లేదో మగ్గం చప్పుడు వినబడింది. టక్... టక్... టక్. ఒక మూగ ప్రాణి చావు బతుకుల మధ్య కొట్టుకుంటుంటే ఈయన నింపాదిగా జంపఖానా నేస్తున్నాడు! నా కాళ్ళు నేల మీద ఆగలేదు. తువ్వాలలో చుట్టిన కండెను మహిత చేతుల్లో పెట్టి, చెప్పులతోనే మగ్గం అర్రలోకి పోయాను.

"మామా!"

చప్పుడు ఆగలేదు. ఊగుతున్న మగ్గం పలకను చేత్తో పట్టి ఆపేశాను. మామ నేస్తుండగా కోడలు మగ్గం మీద చెయ్యేసి ఆపడం మా వాడలో ఎవరూ విని ఉండరు. పక్కింటి రాజక్క మా వెనకే వచ్చినట్టుంది, "అయ్యో వినోదా" అని గుమ్మంలోనే నోరు మూసుకుంది.

"అది నీకు కంట్ల నలుసయితె నాకు చెప్పాలె మామా! తెచ్చిన కాడ్నే ఇడిసొచ్చేటోళ్ళం. గంజి తాగిపిచ్చి చంపుతవా? పడుగు తెగితె అతుకేస్తవ్. దాని పానం పోతె అతుకేస్తవా?"

ఆయన పాదాలు మగ్గం కింది గుంటలోనే ఉన్నాయి. తలెత్తాడు.

"నేను తాగిపియ్యలే."

"మరి తొట్టి కాడికి ఎట్ల పోయింది? రెక్కలొచ్చి ఎగిరిపోయిందా?"

"పోలే. ఆడ్నే కట్టేసి ఉంది."

"ఆ! నేనే కట్టిన!" మహిత నా వెనక నుంచి ఎగిరింది. "మగ్గం కాడ కట్టొద్దని నువ్వే అన్నవ్ గద! అందుకే షెడ్డుల కట్టిన. అది ఆడ ఉంటదని చూసే గంజి పెట్టినవ్!"

"తొట్టి మీద గోనె కప్పే ఉండె," అన్నాడు ఆయన మెల్లగా. "అదే గుంజుకున్నది."

"ఎందుకు గుంజుకుంటది? ఊకెనే గుంజుకుంటదా?" అన్నాను.

 ఆయన మనవరాలి వైపు ఒకసారి చూసి చూపు తిప్పుకున్నాడు. జవాబివ్వకపోతే తప్పు ఒప్పుకున్నట్టే అని నేను నిర్ణయించేసుకున్నాను. దానికితోడు రాజక్క అప్పుడే నోరు తెరిచింది.

"ఒక మాట చెప్తె ఏమనుకోవద్దు వినోదా. పొద్దటి సంది అది ఒక్కటే తీర్గ మొత్తుకుంటాంది. నాకు పానం ఆగక గోడ మీదికెల్లి చెప్పిన, 'బాపూ, కుక్కపిల్ల ఏడుస్తాంది జర చూడరాదే' అని. 'పిల్ల కుక్క, పిల్లొచ్చి చూస్కుంటది' అన్నడు. మా ఇంటికి తాళమేసి నేను బీట్ బజారుకు పోయిన. వచ్చేసరికి గిట్లయింది. నువ్వు ఇంట్ల లేకపోతివి, అందుకే నీకు ఫోన్ చేసిన."

"విన్నవా?" నా గొంతు నాకే గుర్తు రానంతగా చీరుకుపోయింది. "అది మొత్తుకుంటాంటె ఇనుకుంట కూసున్నవా? పది అడుగులు లేవు షెడ్డుకు!"

"ఒట్టేసిన బిడ్డా. నాడె పట్టి చెప్పిన."

"నాడె! ఒక కట్టెముక్క! ఆ కట్టెముక్క కోసం పానం పోవుడు చూసుకుంట కూసుంటవా? నీ మాట నిలవాలె, అంతేనా? ఎవడడిగిండు నీ మాట? ఆ కుక్కపిల్ల అడిగిందా? పోయి చూస్తె నీ కులం పోతదా, నీ మగ్గం కూలిపోతదా?"

ఇంకా ఏమేమి అన్నానో అన్నీ రాయను. రాస్తే పుస్తకం అచ్చు వేసేవాళ్ళు ఊరుకోరు. రాజక్క చెవుల మీద చేతులు పెట్టుకుంది. మా మామ తలవంచుకున్నాడు. అది నాకు మరింత మంట పుట్టించింది. ఎదురు తిరిగి తిట్టే మనిషినైతే తిట్టొచ్చు, తలవంచుకొని కూర్చున్నవాణ్ని ఎంతసేపని తిడతాం?

అప్పుడు తువ్వాలలో కండె చిన్నగా మూలిగింది. నా నోరు ఠక్కున పడిపోయింది.

"సరే, ముందుగాల దీని సంగతి చూడాలె," అన్నాను గ్లూకోజ్ పొట్లం విప్పుతూ. "మహీ, దాని గిన్నె తే."

మహిత కదల్లేదు.

"గిన్నె తేవే! డాక్టరమ్మ ఏం చెప్పింది?"

"కనిపిస్తలేదు అమ్మా."

"కనిపియ్యకపోవుడేంది? పొద్దున నీళ్ళు పెట్టిన అంటివి గద!"

"ఇంకో గిన్నె తీస్కోరాదు వినోదా," అన్నాడు మా మామ ఉన్నట్టుండి. "ఏదైతె ఏంది. ఇంట్ల గిన్నెలు లేవా?"

నేను అన్ని మాటలన్నా కదలని మనిషి, గిన్నె మాట రాగానే గుంటలోంచి లేచి నిలబడ్డాడు. ఎందుకు? నేను మహిత ముఖం చూశాను. అది తెల్లగా పాలిపోయింది. తాత కళ్ళు దాన్ని 'మాట్లాడకు' అంటున్నాయి. 

నేనే వెతికాను. వంటింట్లో లేదు. షెడ్డులో కండె తాడు, చింపిన గోనె ఉన్నాయి, తొట్టి పక్కన నేల మీద నీలం చారలున్నాయి. నీళ్ళ గిన్నె ఉండాల్సిన చోట దాని గుండ్రటి అచ్చు మాత్రం మట్టిలో ఎండిపోయి ఉంది. చివరికి మెట్ల కింద దొరికింది. పేపర్ మీద గునుగుపూలు ఆరబోసి ఉన్నాయి, కొన్ని తెల్లవి, కొన్ని రాణీ రంగువి. వాటి మధ్యలో స్టీలు గిన్నె. అడుగున రాణీ రంగు గట్టిగా ఎండి ఉంది. గిన్నె అంచున స్టీలు కొట్టువాడితో నేనే చెక్కించిన 'కండె' అనే అక్షరాలు కూడా రంగుతో నిండి ఉన్నాయి.

ఆ గిన్నె పట్టుకొని మగ్గం అర్రలోకి తిరిగి వచ్చాను.  అడగాల్సిన అవసరం లేకపోయింది.

"పొద్దుగాల... గునుగుపూలకు రంగు కలపనీకి తీస్కున్న," అంది మహిత. మాట మాటకూ వెక్కిళ్ళు. "మిగిలిన గిన్నెలన్ని అన్నం గిన్నెలు గద, రంగు అంటితె నువ్వు కొడ్తవని... కడిగి నీళ్ళు పోసి పెడ్దామనుకున్న అమ్మా. ఒట్టు. బడి ఆటో వచ్చింది. అందరు పిలుస్తాన్రు. మర్చిపోయిన."

"మర్చిపోయినవా?"

"వచ్చినంక పెడ్దామనుకున్న."

"రేకుల కింద, ఆ ఉక్కల, కట్టేసి, గుక్కెడు నీళ్ళు లేకుంట! వచ్చినంక పెడ్తవా? నువ్వు బడిల నీళ్ళ బాటిల్ తీస్కపోయినవా లేదా?"

"తీస్కపోయిన."

"నీకు మర్చిపోలే గద!"

చెయ్యి లేచింది. ఇంత పెద్దయ్యాక దాన్ని నేను కొట్టలేదు, కానీ ఇవాళ కొట్టేదాన్నే. అది నీళ్ళు పెట్టనందుకు కాదు. దాహానికి తాళలేక ఆ పిల్లముండ గోనె చింపుకొని విషం నాకితే, ఆ నేరమంతా వేలెత్తి తాత మీద పెట్టినందుకు. ఆ వేలికి ఆ రంగే అంటి ఉంది కదా! ఆటోలో, ఆస్పత్రిలో, దారంతా ఆ వేలు నా కళ్ళ ముందే ఉంది కదా!

నా చెయ్యిని మా మామ పట్టుకున్నాడు.

"కొట్టకు."

"నీకు తెలుసా మామా? ముందుగాల్నే తెలుసా?"

"పొద్దుగాల్నే చూసిన. మెట్ల కింద గిన్నె."

"మరి వాడంత మంది ముందట అది నిన్ను చంపినవ్ అంటాంటె నోట్ల ఏం పెట్టుకున్నవ్?"

"చెప్తె ఏమయితది? ఆ మాట పొయ్యి దాని మీద పడతది. దానికి పదేండ్లు. నేను మోస్తె ఎన్ని రోజులు మోస్త?"

"మస్తు చెప్పినవ్! అంత పేమ ఉంటె ఒక చెంబు నీళ్ళు పోస్తె సరిపోవు గద!"

ఆ మాటతో ఆయన నా చెయ్యి వదిలేశాడు. ఇంతసేపూ నా తిట్లకు చలించని మనిషి.

"లేచిన బిడ్డా," అన్నాడు. "అది మొత్తుకుంటాంటె లేచిన. చెంబు ముంచి చేతిల పట్టుకున్న. నేను పోస్తె ఇగ దినాం నేనే పొయ్యాలె, అది ఎన్నడు నేర్చుకోదు అనుకున్న. ఒట్టు యాదికొచ్చింది. చెంబు ఆడ్నే పెట్టి మళ్ళ కూసున్న. జర్ర సేపటికి మొత్తుకునుడు ఆగింది. నిద్రపోయిందనుకున్న."

మొత్తుకోవడం ఎందుకు ఆగిందో అందరికీ తెలుసు. ఎవరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

"ఇద్దరు ఇద్దరే," అన్నాను. "ఒకరికి పూలు ఎక్కువ, ఒకరికి మాట ఎక్కువ. నడుమల నోరు లేనిది సావాలె. నేనైతె ఏం ముట్ట. దాన్ని చూసుకుంట అన్నది ఎవరు? మహీ, లే. గిన్నె కడుగు."

ఏడుస్తూనే లేచింది. బోరింగు దగ్గర కూర్చొని బూడిదతో తోమింది, గోటితో గీకింది. రంగు అడుగు నుంచి పోయింది గానీ అక్షరాల్లోంచి పోలేదు. గ్లూకోజ్ కలిపి, మందుల షాపు వాడిచ్చిన ఫిల్లర్‌తో కండె మూతి పక్కన ఒక బొట్టు వేసింది. కారిపోయింది. ఇంకొకటి. అదీ కారిపోయింది.  నేను సాయం చేయలేదు. చేయి చాచకుండా ఉండడానికి నా రెండు చేతులూ చంకల్లో పెట్టుకున్నాను. అప్పుడు మా మామ చెంబు ఎందుకు కింద పెట్టాడో కొద్దిగా అర్థమైంది, అర్థమైనందుకు ఇంకా కోపం వచ్చింది.

"తల జర లేపి పట్టు," అన్నాడు మా మామ దూరం నుంచే. "పక్కకెల్లి పొయ్యి."

మహిత తాత వైపు చూడలేకపోయింది. కానీ చెప్పినట్టే చేసింది. కండె నాలుక గిన్నె అంచు వైపు కదిలింది. గొంతు దగ్గర చర్మం ఒకసారి కిందికి జారింది.

"అమ్మా, మింగింది! మింగింది అమ్మా!"

ఇంకో బొట్టు. అదీ మింగింది. మహిత ముక్కు చీదుకుంటూ తలెత్తి, "తాతా..." అని ఏదో అనబోయింది.

సరిగ్గా అప్పుడే బయట బండి ఆగిన చప్పుడైంది.

"ఈడ వెంకట్రాజం అంటె ఎవరు?"

గుమ్మం ముందు ఒక కానిస్టేబుల్. అతని వెనక, పొద్దంతా వాడ మలుపు దగ్గర ఫోను నొక్కుకుంటూ కూర్చునే భానుచందర్. వాళ్ళ వెనక వాడలో సగం మంది. మహిత కేకేసినప్పుడు అందరి ఫోన్లూ లేచాయని చెప్పాను కదా. భానుచందర్ ఊరికే తీయలేదు, 'కుక్కపిల్లకు విషం పెట్టిన తాత' అని పేరు పెట్టి అన్ని గ్రూపుల్లో వేశాడట. ఎక్కడో కుక్కల కోసం పనిచేసేవాళ్ళు చూసి ఫిర్యాదు చేశారట. అదంతా కానిస్టేబుల్ చెబుతుంటే భానుచందర్ ఫోను పట్టుకొని ఇప్పుడు కూడా తీస్తూనే ఉన్నాడు. సిగ్గులేని వెధవ.

"నేనే సార్," అన్నాడు మా మామ.

"నువ్వే విషం పెట్టినవా?"

"నేను కలిపిన గంజే సార్ అది," అన్నాడు. పెట్టలేదని అనలేదు. భుజం మీద తువ్వాల సర్దుకొని చెప్పుల కోసం కాలు చాచాడు.

"సార్, జర ఆగుండ్రి, గట్ల కాదు..." అని నేను ముందుకు పోబోయాను. నా కొంగు ఎవరో లాగారు. మహిత. ఫిల్లర్ నా చేతిలో పెట్టింది. కండెను నా ఒళ్ళోకి మార్చింది.

"బొట్టు ఆపకు అమ్మా," అంది.

గిన్నె రెండు చేతుల్తో పట్టుకొని గడప దాటింది. గిన్నె అంచున రాణీ రంగు అక్షరాలు అందరికీ కనిపిస్తున్నాయి. మా మామ దాన్ని చూసి అడ్డం వచ్చాడు.

"మహీ, లోపలికి పో. చిన్నపిల్ల సార్, దానికేం తెల్వది."

"తాత కాదు సార్," అంది నా బిడ్డ.

 కానిస్టేబుల్ వంగి దాని ముఖంలోకి చూశాడు.

"మరెవరు?"

భానుచందర్ ఫోను మా మామ ముఖం మీది నుంచి మెల్లగా తిరిగి, నా బిడ్డ ముఖం మీద ఆగింది.